అమ్మ దీవెన లారీ, ముత్యాలప్ప కెమెరా

ముత్యాలప్ప పెళ్లిళ్లకు వీడియో తీసేవాడు. తాడిపత్రి చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో ఆయన కెమెరా చూడకుండా తాళి కట్టిన మగవాడు లేడని చెప్పుకునేవారు. అందులో సగం కోతలనుకున్నా, మిగిలిన సగం కూడా తక్కువేమీ కాదు. ఆ రోజుల్లో కెమెరా అంటే భుజానికెత్తుకుని మోయవలసిన వస్తువు. నిద్రపోతున్న మూడేళ్ల పిల్లంత బరువుండేది. పదేళ్లు దాన్ని మోసి మోసి ఆయన కుడి భుజం ఎడమ భుజం కంటే రెండంగుళాలు కిందికి దిగిపోయింది. ఆయన చొక్కా కుట్టాలంటే దర్జీ ఇద్దరు మనుషులకు తీసినట్టు రెండు కొలతలు తీసేవాడు.

ఇంత సరంజామా ఉన్నా ఆయన తిరిగేది సైకిలు మీదే. వెనక క్యారియరు మీద కెమెరా పెట్టె, హ్యాండిలుకు లైటు, మెడలో వైర్ల చుట్ట. ఎర్రగుంటపల్లెలో ఉన్న ఇంటి నుంచి ఏ పెళ్లికి పోవాలన్నా తాడిపత్రి రోడ్డు ఎక్కాలి. ఒక్క బస్సు పట్టేంత తారు, రెండు పక్కలా కంపచెట్లు. మధ్యలో వంక, అంటే చిన్న వాగు, దాని మీద ఒక మలుపు. పగలంతా ఆ రోడ్డు మీద నాపబండల లారీలు తిరిగేవి. వంక మలుపు దగ్గర వాటి వేగం ఎంతంటే, ముందు లారీ పోయేది, దాని నీడ ఆ తర్వాత వచ్చి కలుసుకునేది.

రెండువేల ఒకటో సంవత్సరం మార్చి నెలలో ఒకరోజు ముత్యాలప్ప పెళ్లి ముగించుకుని మధ్యాహ్నం ఇంటికి వస్తున్నాడు. మలుపులో పచ్చ రంగు లారీ ఒకటి బస్సును దాటబోయి తారు దిగి ఆయన మీదికే వచ్చింది. ఆయన సైకిలును వదిలేశాడు, కెమెరా పెట్టెను మాత్రం వదల్లేదు. దాన్ని గుండెలకు హత్తుకుని వంకలోకి దొర్లాడు. మోకాలి చిప్ప మీద తోలు లేచిపోయింది. తల ఎత్తి చూస్తే లారీ వెనక పలక మీద ‘అమ్మ దీవెన’ అన్న ఎర్రటి అక్షరాలు దుమ్ములో కలిసిపోతున్నాయి.

ఆ సాయంత్రం ఆయన భార్య తిమ్మక్క మోకాలికి కట్టు కట్టింది. తర్వాత లేచి కొట్టంలోకి పోయి, ఎనుము గొలుసు తెచ్చి, కూతురు ఇంద్రాణి సైకిలును గుంజకు కట్టేసి తాళం వేసింది. తాళంచెవి పుస్తెల తాడుకు తగిలించుకుంది.

ఇంద్రాణి ఎనిమిదో తరగతి. హైస్కూలు నాలుగు కిలోమీటర్ల దూరంలో, ఆ వంక మలుపుకు అవతల ఉంది. బస్సు వచ్చేసరికి బడిలో రెండో పీరియడు అయిపోతుంది.

“అమ్మా, పరీక్షలుండాయి!” అంది ఇంద్రాణి.

“పరీక్షలకు నేను చేను గట్ల మీద నడిపించుకోని పోతా. జూన్ నుంచి ఇంట్లో ఉండు.”

“ఏమే, నీకేమన్నా పిచ్చా?” అన్నాడు ముత్యాలప్ప. “నాకు తగిలిన దెబ్బకు బిడ్డ సదువు మానల్లా?”

“మోకాలు కాబట్టి కట్టు కట్టినా. అదే తలకాయ అయితే యాడ కట్టేది?” అంది తిమ్మక్క. “ఆ రోడ్డు మారదు. నా బిడ్డను ఆ రోడ్డు మీదికి పంపీను.”

“రోడ్డును నేను మారుస్తా. బడి తెరిచే లోపల మారుస్తా.”

“నువ్వా? పెండ్లికూతురి మొగం మీద గులాబీపూలు తిప్పేటోనివి, నువ్వు లారీలు ఆపుతావా?”

ఆ మాట కట్టు కింద మోకాలి కంటే ఎక్కువ సలిపింది. రాత్రంతా ఆలోచించే రకం కాదు ఆయన. అరగంట ఆలోచించాడు. తన చేతిలో ఉన్నది కెమెరా. లారీవాళ్లు చేసేది తప్పు. తప్పును కెమెరాలో పట్టి పోలీసులకు చూపిస్తే సరిపోతుంది. అంతే కదా!

అంత సులభం కాలేదు. మొదట కెమెరాను పాత ట్యూబుతో హ్యాండిలుకు కట్టి, ముందుకు చూసేలా పెట్టి తొక్కాడు. వెనక నుంచి వచ్చే లారీ చేయవలసిన ఘనకార్యం అంతా ఆయన వెనకే చేసేసి ముందుకు పోయేది. గంటసేపటి క్యాసెట్టులో లారీల వెనక పలకలు, దుమ్ము, ఆయన దగ్గు తప్ప ఏమీ లేవు.

రెండోసారి క్యారియరు మీద, వెనక్కి చూసేలా కట్టాడు. అప్పుడు అసలు చిక్కు వచ్చింది. మన సీమలో కెమెరా కనిపిస్తే మనిషి మనిషిలా ఉండడు. పంక్తిలో అన్నం తింటున్నవాడి ముందు లైటు వేస్తే ముద్దను నోటి దగ్గరే ఆపి, లైటు పక్కకు జరిగేదాకా దేవుడి బొమ్మలా కూర్చుంటాడు. పదేళ్లుగా ముత్యాలప్ప దీన్ని రోజూ చూస్తూనే ఉన్నాడు. అయినా లారీ డ్రైవర్లు కూడా పెళ్లి పంక్తిలో కూర్చునే మనుషులేనని ఆయనకు తట్టలేదు.

సైకిలు మీద కెమెరాను చూడగానే డ్రైవర్లు వేగం తగ్గించారు. ఒకడు అద్దంలో చూసుకుని తల దువ్వుకున్నాడు. ఇంకొకడు నుదుట చెమట తుడుచుకుని రెండు చేతులూ జోడించాడు, స్టీరింగును మోకాళ్లకు అప్పగించి. ఒకడైతే ముత్యాలప్పను దాటకుండా రెండు కిలోమీటర్లు వెనకే నడిపి, “అన్నా, యా సినిమాకు ఇది?” అని అడిగాడు. ఆ క్యాసెట్టులో బండల లారీలు, ప్రార్థనకు పోయే కాన్వెంటు సిస్టర్ల లాగా, ఒకదాని వెనక ఒకటి తలవంచుకుని పోతున్నాయి.

ఆ క్యాసెట్టునే ఆయన స్టేషనుకు పట్టుకుపోయాడు. ఎస్సై క్రికెట్ కోసం తెచ్చుకున్న టీవీలో చూసి, కన్నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

“ఏమప్పా ముత్యాలప్పా, ఇంత మర్యాదగా నేను కూడా జీపు తోలను. వీళ్లకు సన్మానం చేయల్లంటావా?”

ముత్యాలప్ప క్యాసెట్టు తీసుకుని బయటికి వచ్చాడు. నవ్వు ఆయనకూ వచ్చింది, కానీ నవ్వలేదు. జూన్ నెల దగ్గరపడుతోంది.

మూడోసారి ఈతబరికెల గంప ఒకటి క్యారియరు మీదికి ఎక్కించాడు. లోపల కెమెరా, పైన వేరుశనగ కట్టె, గంప వెనక పక్క అరచేయి పట్టేంత బొక్క. చూసేవాడికి ఎనుముకు మేత తీసుకుపోతున్న రైతు తప్ప ఏమీ కనబడదు. రోడ్డు పక్క దూడలకు కూడా అలాగే కనబడింది. మొదటి రోజు ఒక దూడ తోక ఎత్తుకుని వెంటపడింది. ఆ రోజు క్యాసెట్టు నిండా దాని నాలుకే. నలభై నిమిషాలు. అంత పొడుగు నాలుక దూడకు ఉంటుందని ఆ క్యాసెట్టు చూసేదాకా పశువుల డాక్టరుకు కూడా తెలియదట.

ఆయన వదల్లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పెళ్లిళ్లు లేని రోజున మధ్యాహ్నం కూడా, మోకాలు కట్టుతోనే ఆ నాలుగు కిలోమీటర్లు తొక్కాడు. ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం వంక మలుపు దగ్గర ఆకుపచ్చ గొడుగు వేసుకుని, సంకలో మూటతో నడిచిపోతున్న ఒక ముసలమ్మను దాటాడు. నాలుగు గజాలు ముందుకు పోయాడో లేదో వెనక హారను మోగింది. ఆయనకు ఆ మోత గుర్తే. సైకిలుతో సహా పక్కకు దూకాడు. లారీ పోయింది. ‘అమ్మ దీవెన’.

వెనక్కి చూస్తే గొడుగు కంపచెట్టు పైన వేలాడుతోంది. దాని కింద, ముళ్ల మధ్యలో ముసలమ్మ. ఆయన పరిగెత్తి ఆమెను పైకి తీశాడు. వంక గట్టున కూర్చోబెట్టి, చేతిలో దిగిన ముళ్లు ఒక్కొక్కటే లాగాడు. ముల్లు ఒక్కొక్కదానికి ఒక తిట్టు చొప్పున ఆమె ఆ డ్రైవరు ఏడు తరాలనూ లాగింది.

“వాన్ని కన్నది యా తల్లో! దానికి సిగ్గు లేదు, వీనికి బుద్ధి లేదు.” అంతలో ఆమె చూపు గంప మీద పడింది. “ఏమి నాయనా, నీ గంపకు కన్నుండాది?”

“కెమెరా అవ్వా. లారీలను పట్టేదానికి.”

“అట్లయితే వాడు పడినాడా దాంట్లో?”

“ఇంటికి పోయి చూడల్ల.”

“పడింటే నాకు చూపీ. వాని మొగం చూసి సస్తా.”

ఆమె పేరూ ఊరూ అడిగేలోపే తాడిపత్రి ఆటో ఒకటి వచ్చింది. ఎక్కించి పంపాడు.

వాడు పడ్డాడు. పూర్తిగా పడ్డాడు. గొడుగు, గొడుగు వెనక పచ్చని లారీ మొహం, నుదుటి మీద ‘అమ్మ దీవెన’, పక్కకు ఎగిరే మూట, అన్నీ ఉన్నాయి. నంబరు పలక మీద మాత్రం అరంగుళం దుమ్ము. ఎస్సై ఈసారి నవ్వలేదు, రెండుసార్లు చూశాడు.

“నంబరు లేకుండా నేనేం రాసేదప్పా? ‘అమ్మ దీవెన’ అని పేరు పెట్టుకున్న బండ్లు ఈ జిల్లాలో ఎన్ని ఉంటాయో! కోర్టులో నిలబడదు.”

ఇంట్లో గొలుసు అలాగే ఉంది. ఇంద్రాణి రోజూ పొద్దున సైకిలును తడి గుడ్డతో తుడిచేది, కట్టేసిన ఎనుమును నిమిరినట్టు.

మే నెల మొదట్లో ఒకాయన మోటారు సైకిలు మీద ఎర్రగుంటపల్లెకు వచ్చి ముత్యాలప్ప ఇల్లు అడిగాడు. గుబురు మీసం, మెడలో ఎర్ర తువ్వాలు.

“అన్నా, నా పేరు నరసింహప్ప. మా పాప హరిత పెండ్లి. నువ్వే వీడియో తీయల్ల. బండల లారీ తోల్తా నేను, సొంత బండే. ‘అమ్మ దీవెన’ అని, రోడ్డు మీద చూసే ఉంటావు.”

“చూసినా,” అన్నాడు ముత్యాలప్ప, మోకాలు సవరించుకుంటూ. “శానా దగ్గరనుంచి చూసినా.”

వంకలోకి తోసిన మనిషిని నరసింహప్ప గుర్తుపట్టలేదు. అసలు చూసి ఉంటే కదా గుర్తుపట్టడానికి! తలుపు చాటు నుంచి తిమ్మక్క ‘ఒద్దను’ అని సైగ చేసింది. ముత్యాలప్ప ఒప్పుకున్నాడు.

పెళ్లి తాడిపత్రిలో జరిగింది. తాళి, తలంబ్రాలు, అన్నీ తీశాడు. భోజనాల పంక్తి వెంట కెమెరాతో నడుస్తున్నాడు. ముద్దలు ఒక్కొక్కటిగా గాలిలో ఆగిపోతున్నాయి. పంక్తి చివర ఒక్క ముద్ద మాత్రం ఆగలేదు. అది ఆగకుండా నోట్లోకి పోయింది. కెమెరా కన్నులోంచి చూశాడు. ఆ చేతి నిండా ఎండిన గీతలు. మొహం చూశాడు.

“నువ్వా నాయనా!” అంది ముసలమ్మ. “ఒరే నరసింహా, ఈయనేరా నన్ను ముండ్లలో నుంచి తీసింది!”

నరసింహప్ప పరిగెత్తుకొచ్చాడు. ముత్యాలప్ప రెండు చేతులూ పట్టుకున్నాడు. “మా అమ్మ లక్ష్మీనరసమ్మ అన్నా. మా అక్కోళ్ల ఊరి నుంచి వస్తాంటే ఎవడో తోసేసినాడంట. ఆ నాకొడుకు దొరికితే అక్కడికక్కడే నరికేస్తా. నువ్వు సూసింటే నంబరు చెప్పన్నా!”

ముత్యాలప్ప భుజం మీద కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. అందులో నరసింహప్ప కళ్లలో నీళ్లు కూడా పడ్డాయి. అవి నిజమైన నీళ్లు. అబద్ధపు ఏడుపు ఎలా ఉంటుందో పెళ్లిళ్లు తీసేవాడికి తెలుసు.

“క్యాసెట్లో చూపిస్తాలే,” అన్నాడు ముత్యాలప్ప.

ఇంటికి వచ్చి విషయం చెప్పినప్పుడు తిమ్మక్క తల పట్టుకుంది. “పెండ్లి ఇంట్లో వాని పరువు తీస్తావా? వాడు నీ కెమెరా పగలగొట్టి, నీ చేతులిరిస్తే?”

“ఇరిస్తే ఇరవనీ. ఇంకొక దోవ ఉంటే చెప్పు.”

“వియ్యంకులు సూస్తే ఆ పాప బతుకేం కావల్ల?” అంది ఆమె.

అది న్యాయమే అనిపించింది ఆయనకు. అందుకని రెండు క్యాసెట్లు చేశాడు. మగపెళ్లివారి క్యాసెట్టు ‘శుభం’ దగ్గర ఆగిపోతుంది. ఆడపెళ్లివారి క్యాసెట్టు ‘శుభం’ తర్వాత కూడా నడుస్తుంది. ‘శుభం’ పడగానే లేచి పోయే అలవాటు ఈ ప్రాంతంలో ఎవరికీ లేదు. తన మొహం ఇంకెక్కడైనా వస్తుందేమోనని తెర మీద చుక్కలు పడేదాకా కూర్చుంటారు. ముత్యాలప్ప లెక్క అంతా దాని మీదే.

జూన్ మొదటి ఆదివారం మధ్యాహ్నం ఆయనే క్యాసెట్టు తీసుకుని నరసింహప్ప ఇంటికి పోయాడు. హరిత అత్తవారింట్లో ఉంది. ఇంట్లోవాళ్లు, వీధిలోవాళ్లు ముప్పైమంది దాకా చాపల మీద కూర్చున్నారు. గులాబీ పువ్వులోంచి పెళ్లికూతురు మొహం వచ్చింది. “నా చీర కనపడలే, ఎనక్కి తిప్పు,” అని ఒకామె. “నన్ను మూతి తుడుచుకుంటాంటే తీసినాడు సూడు,” అని ఒకాయన. లక్ష్మీనరసమ్మ అందరికంటే ముందు, టీవీకి మూరెడు దూరంలో కూర్చుంది.

‘శుభం’ పడింది. ఎవరూ లేవలేదు.

తెర మీద రోడ్డు వచ్చింది. మొదట ఒక నాలుక కనబడింది, అందరూ నవ్వారు. తర్వాత ఆకుపచ్చ గొడుగు.

“అది నేనే!” అంది ముసలమ్మ సంతోషంగా. “నా గొడుగే!”

గొడుగు వెనక పచ్చని లారీ పెద్దదయింది. ఇంకా పెద్దదయింది. దాని నుదుటి మీది అక్షరాలు తెరంతా నిండాయి. గొడుగు ఎగిరింది.

చదువు రాని లక్ష్మీనరసమ్మ చుట్టూ చూసింది. “ఏమని రాసుండాది దాని మీద? ఎవరూ చెప్పరే?”

ఆమె కొడుకు వైపు తిరిగింది. నరసింహప్ప మొహం చూశాక ఆమెకు ఇంకెవరూ చెప్పవలసిన పని లేకపోయింది.

“మళ్లీ ఎయ్,” అంది ముత్యాలప్పతో.

మళ్లీ వేశాడు. మూడుసార్లు వేయించుకుంది.

“నరికేస్తా అంటివి కదరా,” అంది చివరికి. గొంతు పెద్దది చేయలేదు. “కొడవలి తెప్పియల్లా?”

నరసింహప్ప లేచి ముత్యాలప్ప చొక్కా పట్టుకున్నాడు. “నా ఇంట్లో, నావాళ్ల ముందర…”

“చెయ్యి తియ్!” అంది తల్లి. “ఆయన చొక్కా మీద కాదు నీ బలం. నువ్వు తోస్తే ముండ్లు తీసిన చెయ్యి అది.”

చేయి దిగింది. ముత్యాలప్ప చొక్కా సర్దుకుని, పంచె పైకి లాగి, మోకాలి మీద మచ్చ చూపించాడు.

“ఇది కూడా నీ బండే నరసింహప్పా, మార్చిలో. నాకు క్షమాపణ ఒద్దు, కేసు ఒద్దు. పదమూడో తారీఖు బడి తెరుస్తారు. నా కూతురు సైకిల్లో పోవల్ల. ఆపొద్దు నుంచి వంక మలుపు కాడ మీ లారీలు ఎద్దులబండి మాదిరి పోవల్ల, ఏ బండినీ దాటకూడదు. అంతే.”

“నేనొక్కన్ని నిదానంగా పోతే ఎనకాలోళ్లు ఊరుకుంటారా?”

“వాళ్లకు చెప్పేది నీ పని.”

నరసింహప్ప తల్లి వైపు చూశాడు. ఆమె చేతి గీతలను తడుముకుంటూ టీవీ చుక్కల వైపు చూస్తోంది.

“చెప్తా,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే లారీల స్టాండులో నరసింహప్ప నోరు తెరిచి జరిగింది జరిగినట్టు చెప్పుకున్నాడు. అంతకంటే ఎక్కువ పని ఆ వీధి ముప్పైమంది నోళ్లు చేశాయి. మధ్యాహ్నానికి ముత్యాలప్ప దగ్గర ముప్పై లారీల క్యాసెట్లున్నాయని, సాయంత్రానికి మూడువందలున్నాయని పుకారు పుట్టింది. ఎవరి ఇంట్లో పెళ్లయినా, శ్రీమంతమైనా ‘శుభం’ తర్వాత అవే వస్తాయట. డ్రైవర్లు ఒక్కొక్కరుగా ఎర్రగుంటపల్లెకు వచ్చారు.

“అన్నా, నాది కూడా పడిందా?”

“యా బండి నీది?”

“నీలం రంగుది. ‘వీరాంజనేయ’.”

ముత్యాలప్ప కళ్లు మూసుకుని జ్ఞాపకం చేసుకున్నట్టు తల ఊపేవాడు. “ఉండాది. శానా బాగా పడినావు. మీ అత్తగారోళ్ల ఇంట్లో ఏ ఫంక్షనన్నా ఉంటే చెప్పు.”

నిజానికి ఆయన దగ్గర ఉన్నది ఒక్క లారీ, ఒక దూడ.

పదమూడో తారీఖు తెల్లవారింది. ఇంద్రాణి రిబ్బన్లు కట్టుకుని, సంచీ తగిలించుకుని, కొట్టం దగ్గర నిలబడింది. తిమ్మక్క ఆమెను చూడకుండా ఇంట్లోంచి బయటికి నడిచి, రోడ్డు వైపు పోయింది. ముత్యాలప్ప కుంటుతూ వెనకే పోయాడు. వంక మలుపు దగ్గర గట్టు మీద ఆమె కూర్చుంది. ఆయన పక్కన నిలబడ్డాడు.

మొదట ఒక నీలం లారీ వచ్చింది. మలుపుకు వంద గజాల ముందే నిదానించింది. డ్రైవరు ఆమెను కాకుండా ఆయనను చూశాడు. తర్వాత బడి వైపు నుంచి ఊరికి వచ్చే బస్సు. బస్సు వెనక ఇంకొక లారీ, దాటాలని లోపల ఎంత ఆత్రంగా ఉందో గానీ, వంక అవతలి దాకా తోక పట్టుకున్నట్టే పోయింది. తిమ్మక్క ఇంకా కూర్చుంది. చివరికి పచ్చని లారీ వచ్చింది. నరసింహప్ప పక్క సీట్లో లక్ష్మీనరసమ్మ ఆకుపచ్చ గొడుగు మూసి నిటారుగా పట్టుకుని కూర్చుని ఉంది. నరసింహప్ప కాలు ఎప్పుడు బరువెక్కినా ఆ గొడుగు కొన ఆ మోకాలి మీద పడేటట్టు ఉంది.

“నాయనా!” అని కిటికీలోంచి అరిచింది ముసలమ్మ. “కెమెరా ఏదీ? మేము పడతాండామా?”

“పడతాండారు అవ్వా!” అన్నాడు ముత్యాలప్ప, ఉత్త చేతులు భుజం మీద పెట్టుకుని.

లారీ మలుపు దాటి పోయేదాకా తిమ్మక్క చూసింది. తర్వాత లేచి, చీర దులుపుకుని ఇంటికి నడిచింది. పుస్తెల తాడుకున్న తాళంచెవి తీసి, గుంజకున్న తాళం తెరిచింది. గొలుసు ఎనుము ముందర పడేసింది.

“గంట కొట్టేదానికి ఇంకా ఎంతసేపుండాది?” అంది కూతురితో.

“ఇరవై నిమిషాలమ్మా.”

“అయితే నిలబడి సూస్తావేమే? తొక్కు.”